కథ మళ్లీ మొదటికి... నాలుగు బటన్లలో!

ఎత్తిపోతల దగ్గర ఓ దృశ్యం ఊహించుకోండి. 2004, దసరా సెలవులు. మాచర్ల నుంచి వ్యాన్ మాట్లాడుకుని ఓ ఉమ్మడి కుటుంబం జలపాతం చూడటానికి వచ్చింది. 70 అడుగుల ఎత్తు నుంచి చంద్రవంక దూకుతోంది. రెయిలింగ్ పట్టుకుని పెద్దవాళ్లంతా కళ్లప్పగించి చూస్తున్నారు. కింద మడుగులో మొసలి కనపడుతుందేమోనని పిల్లలు మునివేళ్ల మీద లేచి వెతుకుతున్నారు. అందరూ అటు చూస్తుంటే ఓ పదేళ్ల బుడతడు మాత్రం గట్టు మీద కూర్చుని తలొంచుకునే ఉన్నాడు. చేతిలో అమెరికా నుంచి మావయ్య తెచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్. ఓ నిమిషం ఆడతాడు. తెరవంక తేరిపార చూస్తాడు. పెదవి విరుస్తాడు. రెండు బొటనవేళ్లతో నాలుగు బటన్లు ఒక్కసారే నొక్కుతాడు. తెర తెల్లబోతుంది. ఆట మళ్లీ మొదటికొస్తుంది.

పక్కన కూర్చున్న నాన్నమ్మ చాలాసేపు చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

''ఏందిరా అది, చెడిపోయిందా? ఇందాకట్నుంచీ అదే బొమ్మ వస్తాంది.''

''చెడిపోలేదు నాన్నమ్మా. నేనే మొదటికి తెస్తన్నా.''

''బాగా ఆడతన్న ఆటని మొదటికి తెచ్చుకోటమేందిరా, విడ్డూరం కాకపోతే!''

పూర్వం ఇక్కడ యతులు తపస్సు చేసుకునేవారనీ, 'యతి తపోతలం' అన్న మాటే వాడుకలో ఎత్తిపోతల అయిందనీ ఓ కథ చెబుతారు. యతుల సంగతేమోగానీ ఈ బుడతడు చేస్తున్నది మాత్రం అచ్చంగా తపస్సే. దానికి వీడియోగేమ్ లోకంలో 'సాఫ్ట్ రీసెట్' అని పేరు.

వాడి తపస్సు దేనికోసమంటే... కోడిపిల్ల కోసం! ఆడుతున్నది 2003లో అమెరికాలో విడుదలైన 'పోకెమాన్ రూబీ'. ఆట మొదట్లోనే ఓ ప్రొఫెసర్ గారి సంచిలో మూడు బంతులుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో వింత జీవి. వాటిలో ఒకటి టార్చిక్ అనే నారింజరంగు కోడిపిల్ల. పెరిగి పెద్దదైతే అదే మనిషంత ఎత్తున కాళ్లతో కొట్లాడే పుంజవుతుంది. పల్నాటి కుర్రాడు మూడింటిలో కోడినే ఎంచుకున్నాడంటే ఆశ్చర్యమేముంది! అయితే వాడికి కావలసింది మామూలు కోడిపిల్ల కాదు. ఎప్పుడో ఒకసారి బంగారు పసుపురంగులో మెరుస్తూ వచ్చేది. అది వచ్చే అవకాశం 8,192లో ఒకటి. బంతి తెరవడానికి ముందు ఆటను సేవ్ చేసుకోవడం, తెరవడం, రంగు చూడటం, మామూలుదైతే నాలుగు బటన్లు నొక్కి మళ్లీ సంచి ముందుకొచ్చి నిలబడటం... వాడు పొద్దుట్నుంచీ చేస్తున్నది ఇదే.

పల్నాటి వీరచరిత్ర కథలో కోడిపందెం ఓడిపోయిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలసపోవాల్సి వచ్చింది. ఆ పందేనికి రీసెట్ లేదు. ఈ పందేనికి ఉంది, అదే తేడా.

ఇంతకీ నాన్నమ్మ అడగని ప్రశ్న ఒకటుంది. మొదటికి రావడానికి నాలుగు బటన్లు ఎందుకు? 'రీసెట్' అని రాసి ఒకే ఒక్క బటన్ పెడితే సరిపోదా? సరిపోదని మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు బాగా తెలుసు.

తమ్ముడి వేలు... కరెంటు కోత!

తొంభైల్లో, ఆ తర్వాత మరికొన్నేళ్లు తెలుగిళ్లలో 'టీవీ గేమ్' అంటే సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దొరికిన పెట్టెలు. జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ కుటుంబానికి చెందినవే ఇవన్నీ. బజార్లో దొరికేవాటిలో చాలావరకూ దానికి నకళ్లు. యాంటెన్నా వైరు పీకేసి ఆ చోట గేమ్ వైరు గుచ్చి, చానల్ ట్యూన్ చేసుకుని, పసుపుపచ్చ క్యాసెట్‌ని ఓసారి ఉఫ్‌మని ఊది గూట్లో పెట్టాలి. (ఊదడం వల్ల లాభమేమీ లేదు. నోటి తడికి లోపలి రాగి పళ్లు తుప్పు పట్టే ప్రమాదం కూడా ఉంది. తీసి మళ్లీ పెట్టడంవల్ల పని జరిగేది. పేరు మాత్రం ఊదినవాడికొచ్చేది!)

క్యాసెట్ మీద '99999 ఇన్ 1' అని ఉండేది. లోపల నిజంగా ఉండేవి ఏ పదో పాతికో ఆటలు. అవే వేరువేరు పేర్లతో, వేరువేరు లెవెళ్ల నుంచి మొదలవుతూ పేజీలకు పేజీలు తిరిగొచ్చేవి. మారియో ఆడుతూ ఆడుతూ కాంట్రాకు మారాలంటే ఒకటే దారి, పెట్టె మీది రీసెట్ నొక్కడం. అప్పుడు ఆటల జాబితా మళ్లీ తెర మీదికొచ్చేది. అందుకే రీసెట్ బటన్ రోజూ వాడే వస్తువైపోయింది. ఇంట్లో అందరికంటే చిన్నవాడి వేలికి కూడా అందేది.

అక్కడే వచ్చింది చిక్కంతా. 1985లో వచ్చిన సూపర్ మారియోలో లోకాలు ఎనిమిది, ఒక్కోదాంట్లో నాలుగు మజిలీలు, మొత్తం 32. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే ఏర్పాటు ఆ ఆటలో లేదు. రెండు గంటలు కష్టపడి అక్క ఏడో లోకం దాకా వస్తుంది. తనవంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసీ చూసీ విసిగిపోయిన తమ్ముడు మెల్లగా పెట్టె దగ్గరికి జరుగుతాడు. ఒక్క వేలు. అంతే! వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు మారియో సరాసరి మొదటిగడికి. ఆ సాయంత్రం ఆ ఇంట్లో రెండో పల్నాటి యుద్ధం. అమ్మ వచ్చి టీవీ కట్టేసేదాకా సంధి కుదిరేది కాదు.

తమ్ముడు లేని ఇళ్లలో ఆ పని విద్యుత్ శాఖ చేసేది. వేసవి కోతల రోజుల్లో ఆట ఎక్కడుందని కరెంటు అడిగి పోదు కదా. తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో అమ్మిన చేతి 'బ్రిక్ గేమ్'లకు ఆ భయం లేదు, పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి కాబట్టి. వాటికీ ఓ చిన్న రబ్బరు రీసెట్ బటన్ ఉండేది, సరిగ్గా ఆడే బొటనవేలికి దగ్గర్లోనే!

ఒకే బటన్‌తో రీసెట్ పెడితే వచ్చే ఇబ్బంది ఇదీ. వేలు జారినా, ఎవరో కావాలని నొక్కినా ఫలితం ఒకటే. పోనీ బటనే తీసేద్దామంటే, ఆట బిగుసుకుపోయినప్పుడు, విసుగొచ్చి మళ్లీ మొదలెడదామనుకున్నప్పుడు మాటిమాటికీ స్విచ్ కట్టి వేయాలి. మొదలుపెట్టే దారి చేతికి అందుబాటులో ఉండాలి. కానీ పొరపాటున అందకూడదు. రెండూ ఒకేసారి ఎలా?

రెండు చేతులూ కలిస్తేనే...

ఈ ప్రశ్నకు జవాబు వీడియోగేమ్‌ల కంటే కంప్యూటర్‌లో చాలామందికి తెలుసు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కడం. ఐబీఎం సంస్థ 1981లో తెచ్చిన పర్సనల్ కంప్యూటర్ తయారీలో పనిచేసిన ఇంజినీరు డేవిడ్ బ్రాడ్లీ దాన్ని పెట్టారు. పరీక్షలు చేసేటప్పుడు మాటిమాటికీ కంప్యూటర్ కట్టి వేయాల్సి రావడంతో తమ అవసరం కోసం చేసుకున్న ఏర్పాటది. ముందు ఆయన అనుకున్నది డిలీట్ కాదు, ఎస్కేప్. అయితే ఆ మూడు మీటలూ కీబోర్డుకు ఎడమవైపే ఉండటంతో చెయ్యి తగిలి కంప్యూటర్ మొదటికొచ్చే ప్రమాదం కనపడింది. దాంతో కుడిచివర ఉన్న డిలీట్‌ను ఎంచుకున్నారు. ఇక రెండు చేతులూ పెడితే తప్ప పని జరగదు.

నింటెండో 1989లో తెచ్చిన గేమ్‌బాయ్‌కి రీసెట్ బటన్ లేదు. జేబులో పెట్టుకుని తిరిగే వస్తువుకి అలాంటి బటన్ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దాని మీద దిక్కుల బటన్ కాక ఉన్నవి నాలుగే: ఎ, బి, స్టార్ట్, సెలెక్ట్. ఈ నాలుగూ ఒక్కసారే నొక్కాల్సిన అవసరం మామూలుగా ఏ ఆటలోనూ రాదు. గెంతడానికి ఒకటి, కొట్టడానికి ఒకటి, ఆట ఆపడానికి మరొకటి... ఎంత కంగారులో ఉన్నా నాలుగూ కలిసి నొక్కుకుపోవు. అందుకే దాంతోపాటు వచ్చిన టెట్రిస్‌లోనే 'నాలుగూ కలిపితే మొదటికి' అన్న పద్ధతి కనపడుతుంది. 1996లో మొదలైన పోకెమాన్‌లోనూ అదే. అలా అది ఆ బుడ్డ యంత్రానికి వాడుక మర్యాద అయిపోయింది.

మిగతావాళ్లు తమ తమ బటన్లను బట్టి మార్చుకున్నారు. సూపర్ నింటెండోలో చాలా ఆటలకు భుజాల మీది ఎల్, ఆర్‌తోపాటు స్టార్ట్, సెలెక్ట్. సెగా సాటర్న్‌లో ఎ, బి, సి, స్టార్ట్. 1998 నాటి డ్రీమ్‌కాస్ట్‌లో ఎ, బి, ఎక్స్, వై, స్టార్ట్. సోనీ ప్లేస్టేషన్‌లో కొన్ని ఆటలకైతే ఏకంగా ఆరు! నాలుగు భుజం బటన్లు, స్టార్ట్, సెలెక్ట్... ఆ పట్టు పట్టాలంటే కాస్త సాధన కావాలి. ఎత్తిపోతల గట్టు మీది మన బుడతడికి అంత ప్రయాస లేదు. మొదటితరం గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో స్టార్ట్, సెలెక్ట్ ఎడమపక్కన, ఎ, బి కుడిపక్కన ఉంటాయి. ఒక్కో బొటనవేలిని అడ్డంగా పడుకోబెడితే చాలు.

బటన్ల వరసతో చేసే మరో మాయ కూడా మన పిల్లలకు తెలుసు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. కాంట్రాలో ఇది నొక్కితే 30 ప్రాణాలు. దీన్ని 1986లో గ్రాడియస్ అనే ఆట కోసం కొనామీ కంపెనీలో కజుహిసా హషిమొటో పెట్టారు. ఆట మరీ కష్టంగా ఉండి పరీక్షించడానికి ఆయనకే చాతకాలేదట! అది వరసగా నొక్కేది. రీసెట్ అలా కాదు, కలిపి నొక్కేది. లోపల జరిగే పని కూడా వేరు.

ఆ క్షణంలో లోపల ఏం జరుగుతుంది?

గేమ్‌బాయ్‌లో ఆట నడుస్తున్నంతసేపూ సెకనుకు దాదాపు 60 సార్లు తెర కొత్తగా గీసుకుంటుంది. అలా గీసుకునే ప్రతిసారీ ప్రోగ్రాం బటన్ల వంక ఓ చూపు చూస్తుంది. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్... ఈ నాలుగింటి సమాచారం పక్కపక్కనే నాలుగు గళ్లలో కనపడుతుంది. తమాషా ఏమిటంటే నొక్కని బటన్‌కి ఒకటి, నొక్కిన బటన్‌కి సున్నా! మనం ఇంట్లో లైటు స్విచ్‌కి అలవాటుపడ్డ పద్ధతికి ఇది తలకిందులు. నాలుగు గళ్లూ సున్నాలైతే నాలుగూ నొక్కినట్టు. అంటే ప్రోగ్రామర్‌కి ఒక్క పోలికతో పని అయిపోతుంది. నాలుగు బటన్లే ఎందుకంటే నొక్కేవాడికి కష్టం, చూసేవాడికి సులువు.

పోలిక కుదరగానే ప్రోగ్రాం తాను చేస్తున్న పని ఎక్కడికక్కడ వదిలేసి మొదటి వాక్యానికి దూకుతుంది. కరెంటు పోలేదు. చిప్ నిద్రపోలేదు. పుస్తకం మూయకుండానే మొదటి పేజీ తిప్పినట్టన్నమాట. అందుకే దీన్ని 'సాఫ్ట్' రీసెట్ అన్నారు. గేమ్‌బాయ్‌ని స్విచ్ వేసి మొదలుపెడితే కంపెనీ పేరు పైనుంచి నెమ్మదిగా దిగి 'టింగ్'మంటుంది. అది క్యాసెట్‌లో ఉన్న బొమ్మలాట కాదు. యంత్రంలోనే ఉన్న 256 బైట్ల చిన్న ప్రోగ్రాం చేసే పని. నాలుగు బటన్ల రీసెట్ ఆ గడప దాకా వెళ్లదు, కాబట్టి ఆ టింగ్ వినపడదు. ఆ కాస్త సమయం మిగలడం రెండొందలోసారి నొక్కేవాడికి చిన్న విషయం కాదు! గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చేసరికి ఈ పని కంపెనీయే యంత్రంలో అమర్చి ఇచ్చింది. ఆటలు రాసేవాళ్లు పిలుచుకోవడానికి అందులో ఉన్న సేవలకు వరసగా అంకెలున్నాయి. వాటిలో సున్నా అంకె వేసుకుని అందరికంటే ముందు నిలబడింది... సాఫ్ట్ రీసెట్టే!

మరి మొదటికొచ్చాక పాతవన్నీ చెరిగిపోతాయా? పలకను కడిగి ఎండబెట్టడం వేరు, అరచేత్తో తుడవడం వేరు. స్విచ్ కట్టేయడం మొదటిది. రీసెట్ రెండోది. తుడిచాక కూడా పలక మీద పాత అక్షరాల జాడ ఉన్నట్టే యంత్రం జ్ఞాపకంలో పాత అంకెలు అలాగే ఉంటాయి. ఏది చెరపాలి, ఏది ఉంచాలన్నది ప్రోగ్రామర్ చేతిలో పని. సూపర్ మారియో రాసినవాళ్లు ఈ సందును ఎంత ముద్దుగా వాడుకున్నారో చూడండి. ఆట మొదలైనప్పుడల్లా అది జ్ఞాపకంలో ఓ మూల 165 అనే అంకె ఉందా అని చూస్తుంది. తానే అంతకుముందు పెట్టిన గుర్తు అది. దాంతోపాటు టాప్ స్కోరు ఉండే చోట నిజంగా అంకెలే ఉన్నాయా, చెత్త ఉందా అని కూడా సరిచూసుకుంటుంది. రెండూ సరిపోయాయా... 'ఓహో, కరెంటు పోలేదు, ఎవరో రీసెట్ నొక్కారంతే' అని తెలుసుకుని ఆ టాప్ స్కోరును చెరపకుండా ఉంచుతుంది. తమ్ముడు నొక్కేసినా అక్క సంపాదించిన అంకె మాత్రం తెర మీద పదిలంగా ఉండేదన్నమాట. '99999' క్యాసెట్లు కాకుండా విడి మారియో క్యాసెట్ ఉన్న అదృష్టవంతుల ఇళ్లలో.

సాఫ్ట్ రీసెట్‌కి ఓ లోపమూ ఉంది. అది కూడా ప్రోగ్రాం చేసే పనే కాబట్టి ప్రోగ్రామే పూర్తిగా బిగుసుకుపోతే నాలుగు కాదు, పద్నాలుగు బటన్లు నొక్కినా ఉలకదు. అప్పుడిక స్విచ్చే గతి.

చిల్లర బిళ్లంత బ్యాటరీ

తెలుగిళ్లలో టీవీ గేమ్ ఆడిన చాలామంది చూడని క్యాసెట్లు కొన్ని ఉండేవి. వాటిలో రూపాయి బిళ్లలాంటి మూడు వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటుంది. 1987లో అమెరికాలో విడుదలైన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' అలాంటిది. దాన్ని ఆడేవాళ్లకు కంపెనీ ఓ వింత సూచన చేసింది: పవర్ కట్టేసేటప్పుడు రీసెట్ బటన్ నొక్కిపట్టి ఉంచండి!

చాదస్తంలా వినపడుతుందిగానీ కారణముంది. స్విచ్ తీయగానే కరెంటు ఒక్కసారిగా సున్నా కాదు. జారుతూ తగ్గుతుంది. ఆ రెప్పపాటులో చిప్ తూలుతుంది. ఏం రాస్తోందో, ఎక్కడ రాస్తోందో దానికే తెలియదు. ఆ తూలుడులో బ్యాటరీ కాపాడుతున్న చోట ఓ పిచ్చిగీత గీసిందా... నెలరోజుల ఆట గల్లంతు. రీసెట్ నొక్కిపడితే చిప్ చేతులు కట్టేసినట్టు. కరెంటు పూర్తిగా పోయేదాకా అది ఏమీ రాయలేదు. మనింట్లో ఆటను పాడుచేసిన బటనే అక్కడ ఆటకు కాపలా కాసింది.

అదే జెల్డాలో చచ్చిపోకుండా ఆటను దాచుకోవాలంటే ఓ కిటుకుంది. ఆట ఆపి, రెండో కంట్రోలర్ మీద పైకి, ఎ కలిపి నొక్కాలి. ఒక్కరు ఆడే ఆటకు రెండో కంట్రోలర్! తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది?

రీసెట్‌నే ఆటలో కలిపేసినవాళ్లూ ఉన్నారు. సెగా మెగాడ్రైవ్‌కు 1993లో వచ్చిన 'ఎక్స్-మెన్'లో ఓ మజిలీ చివర కంప్యూటర్‌ను రీసెట్ చేయమంటుంది. ఆటలో ఉన్న కంప్యూటర్ కోసం వెతికీ వెతికీ పిల్లలు అలసిపోయారు. నిజానికి నొక్కాల్సింది ఎదురుగా బల్ల మీదున్న పెట్టె రీసెట్ బటన్! అదీ సుతారంగా ఓసారి తట్టి వదిలేయాలి. ఇన్నేళ్లూ 'ముట్టుకోవద్దు' అని నేర్పిన బటన్‌ను ముట్టుకోమంటే ఎవరికి తోస్తుంది? 1995లో అదే క్యాసెట్లు ఆడే 'నోమాడ్' అనే చేతి యంత్రాన్ని సెగా తెచ్చింది. దానికి రీసెట్ బటనే లేదు. అంటే అందులో ఆ మజిలీ దాటడం మామూలుగా అసాధ్యం. కొన్నవాళ్లు తలలు పట్టుకున్నారు.

లెక్క ఏమంటోంది?

మళ్లీ గట్టు మీది బుడతడి దగ్గరికి వద్దాం. 8,192లో ఒకటి అంటే 8,192 సార్లు నొక్కితే తప్పకుండా వస్తుందని వాడి నమ్మకం. పెద్దవాళ్లు కూడా చాలామంది అలాగే అనుకుంటారు, లాటరీ టికెట్ల విషయంలో. లెక్క అలా ఒప్పుకోదు. ప్రతిసారీ అవకాశం మళ్లీ 8,192లో ఒకటే. ముందు ఎన్నిసార్లు నొక్కామన్నది ఆటకు గుర్తుండదు. ఈ లెక్కన అన్నిసార్లు నొక్కిన వందమందిలో దాదాపు 37 మందికి అప్పటికీ బంగారు కోడిపిల్ల దొరకదు! 2013 నుంచి వచ్చిన కొత్త పోకెమాన్ ఆటల్లో దీన్ని 4,096లో ఒకటికి తగ్గించారు. కాస్త దయే అనుకోవాలి.

ఇంకో గమ్మత్తుంది. కంప్యూటర్ వేసే పాచికలు నిజం పాచికలు కావు. ఓ మొదటి అంకె తీసుకుని, దాన్నుంచి లెక్కగట్టి తీసిన అంకెల వరస. రూబీ తర్వాత 2004లో జపాన్‌లో వచ్చిన 'పోకెమాన్ ఎమరాల్డ్'లో ఆ మొదటి అంకె ప్రతిసారీ సున్నాయే! రీసెట్ చేసిన ప్రతిసారీ అదే వరస, అదే చోటి నుంచి మొదలు. బటన్ నొక్కే క్షణం కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి ఫలితం మారుతుంది. ఆ క్షణాన్ని సెకనులో అరవయ్యో వంతు దాకా గురిచూసి, కావలసిన జీవిని రప్పించుకునే ఘనులూ బయల్దేరారు. మన బుడతడికి ఆ విద్య తెలియదు. తెలిసినా జలపాతం హోరులో గురి కుదరదు.

తపస్సు మధ్యలో బ్యాటరీ అయిపోతే? అదేమంత భయం కాదు. రూబీలో దాచుకున్న ఆట ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. పైగా ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ప్రతులు రాస్తుంది. రాస్తుండగా కరెంటు పోయి ఒకటి పాడైనా అంతకుముందుది బతికే ఉంటుంది. కరెంటు కోతల ఊళ్లకు తగిన ఏర్పాటు!

చిరాకుపడే చుంచు

మొదటికి తెచ్చుకోవడాన్ని అందరూ ఒప్పుకోలేదు. నింటెండోయే 2001లో జపాన్‌లో తెచ్చిన 'యానిమల్ క్రాసింగ్'లో రీసెట్టీ అని ఓ చుంచులాంటి పాత్ర ఉంది. ఏదో నష్టం జరిగిందని ఆటను దాచకుండా రీసెట్ చేశారా, మళ్లీ మొదలుపెట్టగానే నేలలోంచి బయటికొచ్చి తిట్ల దండకం ఎత్తుకుంటుంది. ఎన్నిసార్లు చేస్తే అంత పొడుగు. మధ్యలో దాటేయడానికి వీల్లేదు, నిలబడి వినాల్సిందే. అమ్మమ్మ కూడా అంత తిట్టదు. 2020లో వచ్చిన కొత్త యానిమల్ క్రాసింగ్‌లో ఆట తనంతట తానే ఎప్పటికప్పుడు సేవ్ అయిపోతుంది. దాంతో పాపం రీసెట్టీకి ఆ ఉద్యోగం పోయింది.

అలాగే నాలుగు బటన్ల విద్య కూడా తగ్గిపోయింది. ఇప్పటి యంత్రాల్లో హోమ్ బటన్ నొక్కి ఆటను మూసేసి మళ్లీ తెరవడమే. ఫోన్‌లో ఆడే పిల్లలకైతే 'రీసెట్' అంటే ఫోన్ మొత్తం ఖాళీ చేయడమనే అర్థం. ఆ మాట వింటే వాళ్లకంటే ముందు అమ్మానాన్నలే ఉలిక్కిపడతారు, పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి మరి.

ఒక్క విషయం చెప్పుకోవాలి. నింటెండో 2016లో తన పాత పెట్టెను చిన్నది చేసి, లోపల 30 ఆటలు పెట్టి మళ్లీ అమ్మింది. ఒక ఆటలోంచి ఇంకో ఆటకు వెళ్లాలంటే ఏం చేయాలో తెలుసా? లేచి వెళ్లి పెట్టె మీది రీసెట్ నొక్కాలి. అప్పుడు ఆటల జాబితా వస్తుంది. కంట్రోలర్ వైరు పొట్టి, మాటిమాటికీ లేవలేకపోతున్నామని కొన్నవాళ్లు గొణిగారు. '99999 ఇన్ 1' ఆడి పెరిగిన తెలుగు పిల్లలకు మాత్రం ఆ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది!

ఎత్తిపోతల దగ్గర పొద్దు వాలింది. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. అందరూ వ్యాన్ వైపు నడుస్తున్నారు. గేమ్‌బాయ్ మీది పచ్చలైటు ఎర్రబడింది.

''దొరికిందంట్రా నీ కోడి?''

''లేదు నాన్నమ్మా.''

''ఎన్నోసారి?''

''నూట నలభైమూడు.''

నాన్నమ్మ కాసేపు ఏమీ అనలేదు. కొంగున కట్టిన చిల్లర విప్పి వాడి చేతిలో పెట్టింది.

''దారిలో వ్యాన్ ఆగినప్పుడు సెల్లులు కొనుక్కో. మీ తాతకి చెప్పబాక.''